పెట్టె బండిని లేపుతుంది, బ్యాటరీని కాదు

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. సంక్రాంతికి గుడివాడ వెళ్లి పదహారు రోజులకు చెన్నై పెరుంగుడి తిరిగి వచ్చారు. అపార్ట్‌మెంటు కింద నిలిపిన ఐదేళ్ల పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ తాళం తిప్పితే టకటకమని కొట్టుకుని ఊరుకుంది. పక్క ఫ్లాటు పెద్దాయన, దిగిపోయిన బ్యాటరీకి బయటి నుంచి కరెంటు అందించి బండిని లేపే జంప్ స్టార్టర్ అనే అరచేతిలో ఇమిడే పెట్టె తెచ్చి తగిలిస్తే ఎర్ర దీపం వెలిగి, కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఇద్దరూ భయపడి పీకేశారు. ఇప్పుడు మీకున్న సందేహాలు మూడు: అది ఎందుకు అరిచింది, మీరూ ఒకటి కొనుక్కోవాలా, దానివల్ల బండిలోని కంప్యూటర్ కాలిపోతుందా.

నాది నెల్లూరు దగ్గర పల్లె. చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డు వెనక సందులో వైరింగు పని నేర్చుకుని, 24 ఏళ్లుగా వేళచ్చేరిలో ఆటో ఎలక్ట్రికల్ షాపు నడుపుతున్నాను. ఏటా జనవరి మూడో వారంలో నాకు వచ్చే ఫోన్లు చాలావరకు మీలాంటివే. మనవాళ్లు సంక్రాంతికీ, తమిళులు పొంగల్‌కూ ఊళ్లకు వెళతారు, బళ్లు కింద నిద్రపోతాయి, అందరూ ఒకేసారి తిరిగివస్తారు. "అన్నా, సెల్ఫ్ ఎడుక్కల" (సెల్ఫ్ అందుకోవడం లేదు) అన్న మాట ఆ వారంలో విన్నన్నిసార్లు ఏడాది మొత్తంలో వినను.

ముందు ఆ ఎర్ర దీపం సంగతి. అది అరిచినందుకు సంతోషించండి. పెట్టెలో దూర్చే నీలం ప్లగ్గుకూ, క్లిప్పులకూ మధ్య అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్ద డబ్బా ఒకటి ఉంటుంది కదా, తెలివంతా అందులోనే ఉంది. క్లిప్పులు తలకిందులుగా తగిలించినా, రెండూ ఒకదానికొకటి తాకినా, కరెంటును అవతలికి పోనివ్వకుండా ఆపడం దాని పని. దీపాల అర్థాలు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి పెద్దాయనను ఆ పుస్తకం ఒకసారి తీయమనండి. కానీ అరుపుకు నేను చూసిన కారణాలు ఎక్కువగా మూడే. ప్లస్సు, మైనస్సు మారిపోవడం మొదటిది. రెండోది, క్లిప్పు పళ్లు లోహాన్ని కాకుండా టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడిని పట్టుకోవడం. మూడోది, బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి రెండు మూడు వోల్టులకు పడిపోవడం. అప్పుడు అవతల బ్యాటరీ ఒకటి ఉందని కూడా ఆ డబ్బాకు తెలియదు.

మీ విషయంలో మూడోది కాకపోవచ్చు. ఎందుకంటే మీ బండి టకటకమంది. ఆ చప్పుడు స్టార్టరు మోటారు మీది సొలినాయిడ్‌ది, అంటే కరెంటు తగలగానే ఇనుప కడ్డీని లాగే తీగచుట్టది. తాళం తిప్పగానే అది లోపలికి లాక్కుంటుంది, మోటారు కరెంటు అడుగుతుంది, బ్యాటరీ ఇవ్వలేక వోల్టేజీ కూలిపోతుంది, సొలినాయిడ్ పట్టు వదిలేస్తుంది. వదలగానే భారం పోయి వోల్టేజీ మళ్లీ పైకి వస్తుంది, మళ్లీ లాక్కుంటుంది. సెకనుకు అన్నిసార్లు జరిగేదే ఆ టకటక. అంటే బ్యాటరీలో కొంత ప్రాణం ఉంది, ఒంట్లో బలం లేదు. అదే గట్టిగా ఒక్కసారి 'టక్' మని ఆగిపోయి, హెడ్‌లైట్లు మాత్రం కాంతివంతంగానే వెలుగుతుంటే అనుమానం మోటారు మీదికి పోవాలి. ఏ చప్పుడూ లేకుండా లైట్లు బాగుంటే క్లచ్ పూర్తిగా తొక్కారా, ఆటోమేటిక్ అయితే లివరు పార్కులో ఉందా అని చూసుకోవాలి. ఒకసారి ఆదంబాక్కం నుంచి పిలిస్తే ఆటో ఎక్కి వెళ్లాను. ఆ బండి రోగమల్లా క్లచ్ పెడల్ కింద దూరిన నీళ్ల సీసా.

ఇక ఈ పెట్టె ఏమిటో చెబుతాను. తెలిస్తే సగం భయం పోతుంది, సగం మోజు కూడా పోతుంది.

కారు బ్యాటరీలో 2.1 వోల్టుల చొప్పున ఆరు గదులు ఉంటాయి. నిండుగా ఉండి, కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్నప్పుడు కొలిస్తే 12.6 నుంచి 12.8 దాకా చూపిస్తుంది. 12.2 అంటే సగం. 11.8 అంటే అడుగంటినట్టే. జంప్ స్టార్టరులో సాధారణంగా మూడు లిథియం సెల్లులు వరుసగా ఉంటాయి, నిండితే అవీ 12.6 వోల్టులే. ఇక దాని మీద అచ్చేసే 12,000 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్ అవర్లు) అనే అంకె ఒక్కో సెల్లు 3.7 వోల్టుల లెక్కన కూడి రాసినది. గుణిస్తే 44 వాట్ అవర్లు. 12 వోల్టుల భాషలో చెప్పాలంటే అది కేవలం 3.7 ఆంపియర్ అవర్ల సరుకు. మీ బండిలోని బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. దానిలో తొమ్మిదో వంతు కూడా లేని పెట్టె బండిని ఎలా లేపుతుంది?

ఎందుకంటే సెల్ఫ్ కొట్టడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. చిన్న పెట్రోలు బండి స్టార్టరు సుమారు 150 ఆంపియర్లు, 10 వోల్టుల దగ్గర మూడు సెకన్లు లాగిందనుకోండి. అది ఒకటింపావు వాట్ అవరు. 44లో అదెంత! కావలసింది నిల్వ కాదు, ఆ మూడు సెకన్లు అంత కరెంటును ఒక్కసారిగా కుమ్మరించే సత్తా. ఫోనుకు పెట్టే పవర్ బ్యాంకులో ఇంతకన్నా ఎక్కువ నిల్వ ఉండవచ్చు కానీ ఆ సత్తా ఉండదు. 1912లో కాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ కరెంటు సెల్ఫ్ అమర్చి చేత్తో హ్యాండిల్ తిప్పే బాధ తప్పించినప్పుడు కిటుకు ఇదే: చిన్న మోటారు, కాసేపే, కానీ శక్తికి మించి.

ఈ లెక్కలోంచే ఇంకో సంగతి తెలుస్తుంది. పెట్టె మీ బ్యాటరీని నింపదు, నింపలేదు. నాలుగు ఆంపియర్ అవర్లు మొత్తం పోసినా ఖాళీ బిందెలో చెంబెడు నీళ్లు. ఇంజిను తిరిగేదాకా అది బ్యాటరీ పక్కన నిలబడి భుజం కాస్తుంది, అంతే. "జంప్ పెట్టాను కదా, మర్నాడు మళ్లీ ఎందుకు ఆగింది" అని అడిగేవాళ్లకు ఇదే చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

చేసే పద్ధతి. పోయిన ఏడాది మడిపాక్కంలో ఒక రిటైర్డు టీచరమ్మ దగ్గర చేసింది చేసినట్టు చెబుతాను. తెల్లవారుజాము నాలుగున్నర, అమ్మాయిని విమానాశ్రయంలో దించాలి, బండి కదలలేదు. ఆవిడ దగ్గర పెట్టె ఉంది, కొడుకు కొనిచ్చినది, విప్పనే లేదు. ముందు దాని బొత్తాం నొక్కి చుక్కలు చూశాను: నాలుగింటిలో మూడు వెలుగుతున్నాయి. సగానికి తక్కువ ఉంటే మొదలుపెట్టకపోవడమే మేలు. తర్వాత బండి తాళం తీసేసి, ఏసీ, లైట్లు, పాటల పెట్టె, ఫోను ఛార్జరు అన్నీ ఆపించాను. హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టాను.

బానెట్ ఎత్తితే ప్లస్సు టెర్మినల్ మీద ఉప్పు పట్టిన ఊరగాయ జాడీ మూతలా తెల్లగా పూసి ఉంది. టీచరమ్మ చెంబుతో వేడినీళ్లు తెచ్చారు. సన్నటి ధారగా పోస్తే పొడి బుసబుసమని కరిగి జారిపోయింది. పాత గుడ్డతో తుడిచి, స్క్రూడ్రైవరు అంచుతో సీసం మెరిసేదాకా గీకాను. ఆ గీకుడుకు పట్టింది ఒక్క నిమిషం, కానీ ఆ నిమిషం దాటేసినవాళ్లే "పెట్టె పనిచేయడం లేదు" అని తిరిగి పంపిస్తుంటారు. ఆ పొడిని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, ఆసిడ్ సంతానం అది.

తర్వాత ప్లస్సు గుర్తు. వైరు రంగును నమ్మకండి, బ్యాటరీ ప్లాస్టిక్ మీద ఉబ్బెత్తుగా పోతపోసిన గుర్తును టార్చి వేసి చూడండి. ఈ మాట నేను ఖర్చు పెట్టి నేర్చుకున్నాను. పని కొత్తలో ఒక రాత్రి వానలో, మరో బండి నుంచి వైర్లు లాగి జంప్ పెడుతున్నాను. ఎవరో పాత మేస్త్రీ మైనస్సు వైరుకు చేతికి దొరికిన ఎర్ర టేపు చుట్టి ఉంచాడు. ఎర్ర టేపు చూసి ఎర్ర క్లిప్పు పెట్టాను. నీలిమంట లేచింది, మెయిన్ ఫ్యూజు పోయింది, ఇంజిను తిరుగుతుంటే కరెంటు తయారుచేసే ఆల్టర్నేటరులో డయోడ్లు కాలిపోయాయి. రెండు నెలల జీతం ఆ బండి కింద పోయింది. మీ మూడో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది: సరిగ్గా తగిలిస్తే 12 వోల్టుల పెట్టె బండిలోని కంప్యూటర్‌ను ఏమీ చేయదు, రోజూ ఆల్టర్నేటర్ ఇచ్చే 14 వోల్టులకన్నా తక్కువే అది. కాల్చేది తలకిందులుగా తగిలించడమే. ఇంకా కాల్చేది, ఇంజిను తిరుగుతుండగా బ్యాటరీ వైరు ఊడదీసి "ఆల్టర్నేటర్ మంచిదేనా" అని పరీక్షించే పాతకాలపు మేస్త్రీ. భారం ఒక్కసారిగా ఊడితే వోల్టేజీ ఎగిరిపడుతుంది. ఆ పద్ధతి కార్బురేటరు బళ్లతోనే పోవాల్సింది. ఎవరైనా చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి.

సరే, క్లిప్పులు. కేబులు ప్లగ్గును ముందు పెట్టెలో చివరిదాకా దూర్చాను. ఎరుపు ప్లస్సుకు. నలుపును ఇంజినుకు బిగించిన రంగులేని లావాటి బోల్టుకు పట్టించాను. కొన్ని పెట్టెల పుస్తకాలు నలుపును నేరుగా మైనస్సు టెర్మినల్‌కే పెట్టమంటాయి, అదీ పనిచేస్తుంది. కానీ నేను ఎర్తు బోల్టునే వెతుక్కుంటాను. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. పైగా ఈమధ్య బళ్లలో మైనస్సు టెర్మినల్ మీదే చిన్న సెన్సారు కూర్చుని ఉంటుంది, దాన్ని క్లిప్పు పళ్లతో నలపడం ఎందుకు.

పచ్చ దీపం వచ్చాక అర నిమిషం ఆగాను. టీచరమ్మను మూడు సెకన్లకు మించి తిప్పవద్దన్నాను. మొదటిసారి బరువుగా మూలిగి ఆగింది. ఒక నిమిషం విరామం. రెండోసారికి ఇంజిను అందుకుంది. అందుకున్న అర నిమిషంలోపే నలుపు, తర్వాత ఎరుపు తీసేశాను. ఇంజిను తిరుగుతుంటే ఆల్టర్నేటర్ 14 వోల్టులకు పైగా తోస్తుంది, ఆ ఒత్తిడి 12.6కు మించి తాగకూడని లిథియం సెల్లుల మీద పడుతుంది. "ఇంకాసేపు ఉంచితే పెట్టె కూడా ఛార్జ్ అవుతుంది కదా" అని తెలివి ఉపయోగించినవాళ్ల పెట్టెలు ఉబ్బి నా బల్ల మీదికి వచ్చాయి.

మూడు నాలుగుసార్లకు మించి ప్రయత్నించకండి. అప్పటికీ ఇంజిను చురుగ్గా తిరుగుతూ అందుకోకపోతే లోపం బ్యాటరీలో లేదు, పెట్రోలులోనో స్పార్కులోనో ఉంది. డీజిలు బండి అయితే తాళం ఆన్ చేసి, డాష్‌బోర్డు మీద స్ప్రింగు చుట్టలాంటి గుర్తు ఆరిపోయేదాకా ఆగి, అప్పుడే తిప్పాలి.

ఇప్పుడు ఆ మూడో కారణం, పూర్తిగా చచ్చిన బ్యాటరీ. ఇలాంటప్పటికోసం చాలా పెట్టెల మీద 'బూస్ట్' అనే బొత్తాం ఉంటుంది. అది నొక్కితే కావలివాడు గేటు తెరిచి పక్కకు తప్పుకుంటాడు. తలకిందులు, తాకిడి, ఏదీ ఆపడు. తప్పుంటే మంట నేరుగా మీ చేతి దగ్గరే. దీపం రావడం లేదని విసుగుతో నొక్కే బొత్తాం కాదు అది. గుర్తులు రెండుసార్లు చూసి, క్లిప్పులు గట్టిగా పట్టాయని కదిలించి చూసి, ఇక ఆ బ్యాటరీ మీద ఆశ లేదనుకున్నప్పుడే నొక్కాలి. వోల్టులు కొలిచే మల్టీమీటరుతో చూస్తే 11 కన్నా ఎక్కువ చూపించే బ్యాటరీకి బూస్ట్ అవసరమే రాదు. అక్కడ దీపం రాకపోతే తప్పు క్లిప్పులదే.

బండి కదిలాక చేయవలసింది చాలామంది చేయరు. ఆఫీసు దాకా పాత మహాబలిపురం రోడ్డు ట్రాఫిక్‌లో, ఏసీ వేసుకుని, అర కిలోమీటరుకోసారి ఆగుతూ వెళతారు. ఆ వేగంలో ఆల్టర్నేటర్ సంపాదించేది ఏసీ ఫ్యానుకూ, లైట్లకూ సరిపోతుంది. ఆదివారం ఈసీఆర్ (తూర్పు తీరం రోడ్డు) మీద మహాబలిపురం దాకా ఆగకుండా వెళ్లి వచ్చినా బ్యాటరీ కొంతమేర కోలుకుంటుందే కానీ నిండదు. నిజంగా నింపాలంటే గోడకు పెట్టే బ్యాటరీ ఛార్జరుతో, సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో, అంటే మీ 35కు మూడున్నర ఆంపియర్లతో రాత్రంతా పెట్టాలి. బ్యాటరీ షాపుల్లో చేసిపెడతారు. ఖాళీగా ఎన్నాళ్లు వదిలేస్తే పలకల మీద పేరుకున్న సీసం సల్ఫేటు అంత గట్టిపడుతుంది, తర్వాత ఎంత ఛార్జింగు పెట్టినా కరగదు. బండిని లేపాం కదా అని ఊరుకునేవాళ్ల బ్యాటరీలు ఇలా పోతాయి.

మరి మీది ఎందుకు దిగిపోయింది? ఆపిన బండి కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది: గడియారం, తాళం రిసీవరు, కంప్యూటర్ జ్ఞాపకం. అన్నీ కలిపి 50 మిల్లీఆంపియర్ల దాకా మామూలే. రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. పదహారు రోజులకు 19. కొత్త 35 బ్యాటరీ అయితే సగానికిపైగా దిగి, మూలుగుతూనైనా లేచి ఉండేది. ఐదేళ్ల బ్యాటరీలో 35 ఎక్కడిది, 20, 22 పడితే గొప్ప. 19 తీసేస్తే మిగిలింది ఆ టకటకకే చాలింది. అంటే మీ బండిలో కరెంటు దొంగ ఎవరూ లేకపోవచ్చు, ముసలితనమే కావచ్చు. కానీ ముందు అద్దానికి డాష్ క్యామ్ ఉందా? జీపీఎస్ పెట్టించారా? వాటిని ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకు కలిపి ఉంటే దొంగ దొరికినట్టే.

చెన్నైలో ముసలితనం త్వరగా వస్తుంది. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకూ సీసం బ్యాటరీ ఆయుష్షు సగమవుతుందని మా పనిలో అందరూ చెప్పుకునే లెక్క. మనం రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటాం, ఇక్కడివాళ్లు కత్తిరి వెయిల్ అంటారు. ఆ ఎండలో బానెట్ కింద ఎంత వేడో చెయ్యి పెట్టి చూడనక్కర్లేదు. చలిదేశాల్లో బ్యాటరీ శీతాకాలం తెల్లవారుజామున మొరాయించి హెచ్చరిస్తుంది. మన దగ్గర వేడికి ఇంజిను నూనె పలచగా ఉండి సెల్ఫ్ సులువుగా తిరుగుతుంది కాబట్టి చివరి రోజు దాకా బాగున్నట్టే నటిస్తుంది. నా దగ్గర మూడేళ్లు దాటిన ప్రతి బ్యాటరీకీ సెల్ఫ్ కొట్టేటప్పుడు మీటరు పెడతాను. 9.6 కన్నా కిందికి జారితే మార్చుకోమంటాను. ఏ కంపెనీదని అడగకండి. చిత్తూరు వైపువాళ్లు తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారయ్యే అమరాన్ తప్ప వేరేది చూపిస్తే ముఖం తిప్పుకుంటారు, అది ఊరి అభిమానం. నేను మాత్రం ముందు తయారైన నెల చూస్తాను. అల్మరాలో ఎనిమిది నెలలు కూర్చున్న బ్యాటరీ ఏ కంపెనీదైనా కొత్తది కాదు.

ఆ వేడే పెట్టెకూ శత్రువు. మే నెలలో ఎండలో ఆపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం విశేషమేమీ కాదు, చాలా పెట్టెల పుస్తకాల్లో దాచుకునే హద్దు అక్కడికే ఉంటుంది. డాష్‌బోర్డు మీద, వెనక అద్దం కింద ససేమిరా వద్దు. కార్లోనే ఉండాలంటే నీడలో ఆపే బండిలో, సీటు కింద. లేకపోతే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని మీతోపాటు పైకి తీసుకెళ్లండి. మూడు నెలలకోసారి ఛార్జింగు పెట్టాలి, క్యాలెండరులో అమావాస్యలు గుర్తు పెట్టుకునేవాళ్లకు ఇదో లెక్క కాదు. పెట్టె పొట్ట కొంచెం ఉబ్బినా ఛార్జింగు పెట్టకండి, గుచ్చకండి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట ఇచ్చేయండి.

వరద సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, పెరుంగుడి, వేళచ్చేరి, పళ్లికరణై అంటే అది తప్పదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తర్వాత మా వీధిలో ఒకాయన మునిగి తేలిన బండికి ఇలాంటి పెట్టె తగిలించి సెల్ఫ్ కొట్టాడు. సిలిండరులోకి చేరిన నీళ్లను పిస్టను నొక్కలేదు, నీరు నలగదు కదా, కనెక్టింగ్ రాడ్డు వంగిపోయింది. నీళ్లు లోపలికి వెళ్లిన బండికి జంప్ పెట్టకూడదు, తాళం కూడా తిప్పకూడదు, లాగించుకుని పోవాలి. బీమావాళ్లు కూడా ముందు అడిగేది "స్టార్ట్ చేశారా" అనే. వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద వాన హెచ్చరిక రాగానే కార్లు వరుసకట్టడం చూసి వార్తల్లో నవ్వారు, మేము నవ్వలేదు.

ఎలక్ట్రిక్ బండ్లవాళ్లు ఇది తమకు పట్టదనుకుంటారు. వాటిలోనూ చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, అది దిగితే తలుపులు కూడా తెరుచుకోకపోవచ్చు. పెట్టెతో దాన్ని లేపవచ్చు, కానీ బండి పుస్తకంలో చెప్పిన చోటే తగిలించాలి. నారింజ రంగు వైర్ల జోలికి పోకూడదు. కొన్ని పెద్ద కార్లలో బ్యాటరీ డిక్కీలో ఉండి, జంప్ పెట్టే పిన్నులు మాత్రం బానెట్ కింద ఉంటాయి. 24 వోల్టుల లారీకి ఈ 12 వోల్టుల పెట్టె పెట్టకూడదు.

కొనాలా అంటే, మీరు కొనడం మంచిదే, కానీ రెండో పనిగా. మొదటి పని బ్యాటరీ మార్చడం. మీ పార్కింగులో బళ్లు గోడకు ముక్కు ఆనించి, పక్కన స్తంభాలతో ఇరుక్కుని ఉంటాయని రాశారు. అక్కడ ఇంకో కారును దగ్గరికి తెచ్చి వైర్లు లాగడం కుదరదు, పెట్టె నిజంగా పనికొచ్చేది అలాంటి చోటే. తోసి స్టార్ట్ చేయడం మాన్యువల్ గేరు బండికే కుదురుతుంది. అదీ ఫ్యూయల్ పంపుకూ కంప్యూటర్‌కూ సరిపడా వోల్టేజీ మిగిలి ఉంటేనే. ఒకసారి బీమా కాగితంలో రోడ్డు సాయం ఉందేమో చూడండి. చాలామంది దానికి డబ్బు కట్టి మరచిపోతారు.

కొనేటప్పుడు పెట్టె మీది 'పీక్' ఆంపియర్ల అంకెను చూసి మురిసిపోకండి. 1000, 2000 అని రాస్తారు. అది రెప్పపాటు కాలపు అంకె, దాన్ని కొలిచే పద్ధతి కూడా అందరిదీ ఒకటి కాదు. నేను క్లిప్పు విప్పి చూస్తాను. రెండు దవడలకూ లోహం ఉండి, వాటిని కలుపుతూ రాగి జడ ఉందా, లేక ఒక దవడకే వైరు అతికి రెండోది అలంకారమా? వైరు లావు రబ్బరుదా, రాగిదా? కేబులు పొట్టిగా ఉంటే మోసం అనుకోవద్దు, పొట్టిగా లావుగా ఉండటమే మంచిది, అంత కరెంటు పొడవాటి సన్నవైరులో వేడిగా మారిపోతుంది. ఇన్ని లీటర్ల పెట్రోలు ఇంజినుకు, ఇన్ని లీటర్ల డీజిలుకు అని రాస్తారు, అందులో సగమే నమ్మండి. మీ 1.2 లీటర్ల బండికి పెద్ద పెట్టె అవసరం లేదు. మీరు బండిని ఎండలోనే ఆపాల్సి వస్తే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులున్నది దొరుకుతుందేమో చూడండి. బరువు కాస్త ఎక్కువ, కానీ వేడిని మిగతావాటికన్నా ఓర్చుకుంటుంది. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు లేనిది ఎంత చౌకైనా ఇంట్లోకి తేవద్దు.

వచ్చే సంక్రాంతికి వెళ్లేముందు 10 నంబరు స్పానరుతో మైనస్సు వైరు విప్పి, టెర్మినల్‌కు తాకకుండా పక్కకు ఒత్తి వెళ్లండి. తిరిగి వచ్చాక గడియారం సరిచేసుకోవాలి, అద్దాలు ఒకసారి పూర్తిగా దించి ఎత్తాలి, అంతే. రిమోటు పనిచేయదు కాబట్టి దానిలో దాగిన ఇనుప తాళంతో తలుపు తెరుచుకుంటుందో లేదో ఇప్పుడే చూసుకోండి. కొన్నేళ్లుగా తిప్పని తాళం కన్నం తుప్పు పట్టి, బ్యాటరీ దాకా చేరలేక బయట నిలబడినవాళ్లను చూశాను.

ఈ సాయంత్రానికి ఒక పని చేయండి. టెర్మినళ్లు వేడినీళ్లతో కడిగి, ఎవరి దగ్గరైనా మల్టీమీటరు తీసుకుని మూడు అంకెలు రాయండి: ఊరికే ఉన్నప్పుడు ఎంత, పెద్దాయన పెట్టె పచ్చ దీపం చూపించాక సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎంతకు పడింది, ఇంజిను లేచి, పెట్టె తీసేశాక, పది నిమిషాలకు ఎంత ఉంది. చివరిది 13.8, 14.5 మధ్య ఉంటే బ్యాటరీ షాపుకు వెళ్లండి. 13 దాటకపోతే బ్యాటరీ కొనకుండా ముందు ఆల్టర్నేటర్ చూపించండి.